సముద్రం దాకా ఒక దారి వేయించండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖలో దివ్యాంగులను ఆటలకు, బీచ్‌కు తీసుకెళ్లే ఒక చిన్న స్వచ్ఛంద బృందం మాది. బ్యాంకు ఉద్యోగులున్నారు, ఫిజియోథెరపీ విద్యార్థులున్నారు, వీల్‌చైర్‌లోనే కూర్చుని కొత్త వాలంటీర్లకు పని నేర్పేవాళ్లూ ఉన్నారు. జీతాలు లేవు. ఈ లేఖ డబ్బుల కోసం కాదని ముందే చెబుతున్నాను.

మామూలు వీల్‌చైర్ ఇసుకలో దిగగానే ముందున్న చిన్న చక్రాలు కూరుకుపోతాయి. అందుకని కుర్చీని వెనక్కి తిప్పి, ఆ చక్రాలు పైకి లేపి ఇద్దరు లాగుతారు, ఒకరు పక్కన నడుస్తారు. పొడి ఇసుక దాటేదాకానే అవస్థ. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ కుర్చీ హాయిగా సాగుతుంది. మనిషిని ఎత్తాల్సి వస్తే ముందు ఆయన్నే అడగాలి, "ఎక్కడ పట్టుకోమంటారు?" అని. తొందరపడి చంకల కింద చేతులు పెట్టి లాగితే భుజం పట్టేస్తుంది. ఆర్కే బీచ్‌లో లోపలికి దిగడం ఎంత ప్రమాదమో ఊరందరికీ తెలుసు, అందుకే అల అంచునే ఆగిపోతాం. పాదాలు తడిస్తే చాలు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగి, అల కాలికి తగలడం ఇదే మొదటిసారి అన్నవాళ్లు మా దగ్గర ఉన్నారు.

మరి ఇబ్బంది ఎక్కడంటే, టాయిలెట్ దగ్గర. తలుపులోంచి వీల్‌చైర్ పట్టదు, పట్టినా లోపల తిరగదు. అందుకని మాతో వచ్చే ఆడవాళ్లలో కొందరు ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తారు. విశాఖ ఎండలో, ఆ ఉక్కపోతలో! మాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే.

తర్వాతిది అనుమతి. ఒక మైదానంలో అంధుల క్రికెట్ ఆడించుకుంటామని అడిగితే, "వీళ్లకేమైనా అయితే బాధ్యత ఎవరిది?" అన్నారు. లోపల బేరింగులు పెట్టిన ప్లాస్టిక్ బంతి అది, చప్పుడు విని ఆడతారు, చెయ్యి కిందినుంచే బౌలింగ్ వేస్తారు. పక్కనే కుర్రాళ్లు గట్టి బంతితో ఆడుతుంటే వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. మాకు మాత్రం ప్రతిసారీ కొత్త దరఖాస్తు, కొత్త సంతకం.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 29 చూడండి. వినోద కేంద్రాలను ప్రోత్సహించడం, ఔట్‌డోర్ క్యాంపుల్లో, సాహస కార్యక్రమాల్లో దివ్యాంగులు పాల్గొనేలా చూడడం ప్రభుత్వాల, స్థానిక సంస్థల బాధ్యత అని అందులో ఉంది. అంటే మీరు చేయాల్సిన పనిలో కొంత మేం చేస్తున్నాం, దానికి మళ్లీ మేమే అనుమతి అడుక్కుంటున్నాం. 2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు కూడా, ప్రవేశ సౌకర్యాల ప్రమాణాలను ఉత్త సూచనలుగా వదిలేస్తే కుదరదని, తప్పనిసరి నిబంధనలు తేవాలని చెప్పింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయమే.

దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినప్పుడు తెలుగువాళ్లంతా పండగ చేసుకున్నాం. బాగుంది. కానీ మా దగ్గరికొచ్చే చాలామందికి పతకాలతో పనిలేదు. ఆదివారం పొద్దున్నే ఇల్లు కదిలి నలుగురిలో పడాలి, అంతే. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపుకో ఆసుపత్రికో తప్ప గడప దాటని మనిషికి అది చిన్న విషయం కాదు.

చెన్నై మెరీనాలో 2022 నవంబర్‌లో వీల్‌చైర్ల కోసం అలల దగ్గరి దాకా చెక్కదారి వేశారు. రెండు వారాలు తిరక్కుండానే మాండూస్ తుపాను దాన్ని దెబ్బతీసింది. అయినా వదిలేయకుండా బాగుచేసి మళ్లీ తెరిచారు. హుద్‌హుద్ చూసిన ఊరు మనది, కాబట్టి దారి వేసే రోజే మరమ్మతు ఎవరు చేయాలో కూడా రాసుకోవాలి. రిబ్బన్ కత్తిరించాక పట్టించుకునే దిక్కులేక ర్యాంపు మొదట్లో బైకులు పెట్టుకునే చోట్లు మనకు ఇప్పటికే ఉన్నాయి.

ఆర్కే బీచ్‌లో అలాంటి దారి ఒకటి, వీల్‌చైర్ తిరిగే టాయిలెట్ ఒకటి, ఆదివారం ఉదయం డ్యూటీలో ఒక లైఫ్‌గార్డు, ఏడాది పొడుగునా చెల్లే అనుమతి కాగితం. మేం అడిగేది ఇంతే.

బీచ్ మీ శాఖ కిందికి రాదని తెలుసు. కానీ కార్పొరేషన్, టూరిజం, పోలీసు అధికారులను ఒకచోట కూర్చోబెట్టగలిగేది మీరే. ఆ సమావేశానికి మమ్మల్నీ పిలవండి. ర్యాంపు వాలు ఎంత ఉండాలో, టాయిలెట్‌లో పట్టుకునే కడ్డీ ఏ ఎత్తున బిగించాలో మా బృందంలో వీల్‌చైర్ వాడేవాళ్లే కొలిచి చూపిస్తారు.

ఇట్లు,
ఒక వాలంటీరు, విశాఖపట్నం