పంచాయతీ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంది?

రాష్ట్ర పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

నమస్కారం. 2024 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఉన్న 51 గ్రామ పంచాయతీలను పక్క మునిసిపాలిటీల్లో కలిపారు. వాటిలో మా ఊరు ఒకటి. 2025 డిసెంబరులో ఆ మునిసిపాలిటీతో సహా 27 పురపాలక సంస్థలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. మేము గడప దాటలేదు, ఏడాదిన్నర తిరగకుండా మూడు కార్యాలయాలకు పన్నుదారులమయ్యాం.

విలీనాన్ని నేను తప్పుపట్టడం లేదు. జనగణన కోసం 2025 డిసెంబరు 31 తరువాత పాలనా సరిహద్దులు మార్చరాదని కేంద్రం గడువు పెట్టింది కాబట్టి తొందర ఉండే ఉంటుంది. గెజిట్ వచ్చింది. నా బాధంతా గెజిట్ తరువాత కదలవలసిన కాగితాల గురించి.

మా నాన్నగారి మరణాన్ని అప్పట్లో పంచాయతీ కార్యదర్శి నమోదు చేశారు. ఈమధ్య నకలు కోసం వెళితే ఒక కార్యాలయంలో ఆ పుస్తకం తమకు అందలేదన్నారు. మరో కార్యాలయంలో ఎప్పుడో పంపేశామన్నారు. ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. పుస్తకం మాత్రం లేదు.

నకలు దొరకకపోతే ఇబ్బంది నా ఒక్కడిదే. లేఅవుట్ ఫైలు దొరకకపోతే ఊరంతటిది. పార్కుకు, రోడ్లకు వదిలిన స్థలాన్ని లేఅవుట్ యజమాని పంచాయతీ పేరిట దానపత్రం రాసి ఇస్తాడు. ఆ పంచాయతీ ఇప్పుడు లేదు. దాని ఆస్తులు కార్పొరేషన్‌కు దఖలుపడతాయి, సరే. ఫలానా సర్వే నంబరులో ఇన్ని గజాలు మాది అని చూపే కాగితమే చేతిలో లేకపోతే కార్పొరేషన్ దేన్ని కాపాడుతుంది? కబ్జా చేసేవాడికి మాత్రం ఆ స్థలం హద్దులు కంఠస్థం.

అమెరికాలోని కాలిఫోర్నియాలో నగరం కొత్త ప్రాంతాన్ని కలుపుకుంటే హద్దుల వివరణ, పటం రాష్ట్ర పన్నుల బోర్డుకు దాఖలు చేయాలి. డిసెంబరు 1 దాటితే మరుసటి ఏడాది పన్ను జాబితాలో ఆ మార్పు ఎక్కదు. మనకు అదే పద్ధతి కావాలని కాదు. కాగితం చేరనిదే డబ్బు రాదన్న భయం ఉంటే కాగితం దానంతటదే నడుస్తుందని నా అనుభవం.

నేను అడిగేది ఒక్కటే. విలీనమైన ప్రతి ఊరికీ ఒక అప్పగింత పత్రం బహిరంగంగా పెట్టించండి. ఇంటి పన్ను రిజిస్టర్లు, జనన మరణ పుస్తకాలు, లేఅవుట్ ఫైళ్లు, దానపత్రాలు ఎన్ని, ఏ తేదీన, ఏ హోదా గల అధికారి అందుకున్నారో అందులో ఉండాలి. సర్వే నంబర్లతో హద్దుల పటం కూడా జతచేయాలి, తెలుగులో.

మా పాత పంచాయతీ భవనానికి ఇప్పటికీ తాళమే వేలాడుతోంది. కిటికీలోంచి చూస్తే రెండు ఇనుప బీరువాలు కనిపిస్తాయి. మనిషిని పంపితే దారి చూపిస్తాను.

ఇట్లు,
ఒక విలీన గ్రామ నివాసి