లైసెన్సు చేతికొచ్చింది, గురి ఎక్కడ నేర్చుకోవాలి?

సంపాదకులకు నమస్కారం.

సైన్యంలో ఆయుధ శిక్షణ ఇచ్చి రిటైరయ్యాను. రొయ్యల వ్యాపారం చేసే మా బంధువు ఆత్మరక్షణకని .32 బోరు రివాల్వర్ కొని, చూపించడానికి తెచ్చారు. ప్యాంటు జేబులో, తాళాల గుత్తితో కలిపి! 2016 ఆయుధ నిబంధనల ప్రకారం దాన్ని ఒరలో, పైకి కనబడకుండా తీసుకెళ్లాలి. ఆ ఒర ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి.

కొనడంలో మాత్రం ఆయన పొరపడలేదు. కొత్తవారికి పిస్టల్ కంటే రివాల్వరే నయం. తెరిస్తే తూటాలు ఉన్నదీ లేనిదీ కంటికి కనబడుతుంది. పిస్టల్‌లో మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసేసినా ఛాంబర్‌లో, అంటే గొట్టం మొదట్లో తూటా కూర్చునే చోట, ఒకటి మిగిలి ఉండవచ్చు.

ఇక గురి. తుపాకీ గొట్టం కొసన గురి చూసుకోవడానికి ఉండే చిన్న మొన, అంటే ఫ్రంట్ సైట్ మీద చూపు నిలవాలి, లక్ష్యం కాస్త మసకబారినా ఫరవాలేదు. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. పైగా పొట్టి గొట్టం. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు మణికట్టు వెంట్రుకవాసి కదిలినా తూటా ఎటో పోతుంది.

ఇదంతా కాల్చి చూస్తేనే పట్టుబడుతుంది. మా కావలి వైపు అందుకు చోటేదీ? జిల్లా పోలీసు ఫైరింగ్ రేంజిని నెలకొక ఆదివారం, రుసుము తీసుకునైనా, లైసెన్సుదారులకు తెరవాలని కోరుతున్నాను. ఎన్నికలప్పుడు తుపాకులు అప్పగించమని కబురు పంపే జాబితా స్టేషన్లలో ఎలాగూ ఉంటుంది. అందరినీ దానితోనే పిలవవచ్చు.

– ఒక మాజీ సైనికుడు, కావలి, నెల్లూరు జిల్లా