తప్పు టైల్స్‌ది కాదు

సంపాదకుడికి,

ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో హోల్బర్న్ మ్యూజియానికి పెట్టిన సిరామిక్ ఎలివేషన్ (భవనం బయటి ముఖం) గురించి మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చింది. దాని మీద ఒక పాఠకుడు ‘పాత ఊళ్లో టైల్స్ అంటే బాత్రూమ్ గోడే, మనకొద్దు’ అని రాశారు. హైదరాబాద్‌లో ఉంటూ ఆ మాట ఎలా అనగలిగారో నాకు అర్థం కావడం లేదు.

మన పాతబస్తీలో పత్తర్‌గట్టి దగ్గరే బాద్‌షాహీ ఆషుర్‌ఖానా, అంటే మొహర్రం సంతాపం జరిపే మందిరం ఉంది. చార్మినార్ పూర్తయిన కొద్ది ఏళ్లకే మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. గోడల నిండా అలం (మొహర్రంలో ఎత్తే పీరు) ఆకారాలు, నీలం, పసుపు, ఆకుపచ్చ పలకలను ముక్కలుగా కోసి అతికించినవి. 1908 మూసీ వరదకు కింది భాగం పాడైతే, అక్కడ పలకల బదులు రంగులతో అదే డిజైన్ వేశారు. వెళ్లి దగ్గర నిలబడి చూడండి. పైన పలకల గ్లేజ్, అంటే గాజులాంటి పూత, నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా వెలుతురు పడితే మెరుస్తుంది, కింద రంగు చప్పగా ఉంటుంది. గోల్కొండలో ఇబ్రహీం కులీ సమాధి మీద కూడా ఆ పలకల ఆనవాళ్లు మిగిలే ఉన్నాయి. సిరామిక్ మనకు పరాయిది ఎప్పుడైంది?

బాత్ అంతా తేనెరంగు రాయి. 1987 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న ఊరు. అక్కడా జనం గట్టిగానే వ్యతిరేకించారు. కానీ ఆర్కిటెక్ట్ ఎరిక్ ప్యారీ వీధివైపు పాత ముఖద్వారాన్ని అలాగే ఉంచి, కొత్త భాగాన్ని వెనక తోటవైపు కట్టారు. చెట్లకు దగ్గరగా ఉండేలా ఆకుపచ్చ, నీలం, గోధుమరంగు కలగలిసిన గ్లేజ్ ఎంచుకున్నారు. 2011లో తెరిచారు. అదే రాయితో కట్టి ఉంటే అది పాతదానికి నకలుగా మిగిలేది.

మన దగ్గర జరిగేది వేరు. టెండర్‌లో తక్కువ రేటు వేసినవాడికి పని, కేటలాగ్‌లో దొరికిన టైల్, సిమెంటుతో గోడకు అతికించడం. వెనక్కి నీళ్లు దిగితే ఉబ్బి ఊడతాయి. వెనకాల గాలి ఆడే సందు వదిలి, ఫ్రేముకు బిగించాలని ఎవరూ అడగరు. లేదంటే ఏసీపీ షీట్లు, అంటే పైన అల్యూమినియం రేకు, మధ్యలో ప్లాస్టిక్ ఉండే పలకలు. షోరూమ్‌కీ, ఆస్పత్రికీ, ప్రభుత్వ భవనానికీ ఒకటే ముఖం. హైదరాబాద్ పట్టణాభివృద్ధి నిబంధనల్లో పాత కట్టడాలకు కాస్తో కూస్తో రక్షణగా ఉన్న 13వ నిబంధనను 2015లో తీసేశారు. అప్పుడు ఎంతమంది మాట్లాడారు? కట్టడం పూర్తయ్యాక పేపర్లో బాధపడటం మనకు అలవాటైపోయింది. అధికారులకూ అదే కావాలి.

పాత ఊళ్లో మ్యూజియం కట్టేటప్పుడు అనుమతి ఇచ్చే ముందే, ఎలివేషన్‌లో ఒక నిలువెత్తు భాగాన్ని అసలు మెటీరియల్‌తో అక్కడే నిలబెట్టి, ఒక వానాకాలం ఉంచాలి. ఎండలో, వానలో జనం చూస్తారు. అభ్యంతరాలు అప్పుడు రాతపూర్వకంగా తీసుకుని, జవాబులు బయటపెట్టాలి. మున్సిపల్ శాఖ దీన్ని నిబంధనగా పెట్టాలని కోరుతున్నాను.

ఒక పాఠకుడు,
మలక్‌పేట, హైదరాబాద్