జీతం ఇక్కడ, బేరం అక్కడ

సంపాదకుడు గారికి,

పని నేర్పిన ఓనరుకి పోటీగా కొట్టు పెట్టుకోవడం ద్రోహమా, కాదా అనే తగువు మా విజయవాడ ఆటోనగర్‌లో తరచూ వస్తూనే ఉంటుంది. ఒకప్పుడు నేనూ అలా పెట్టుకున్నవాణ్ణే. ఇప్పుడు నా దగ్గర పనిచేసిన కుర్రాడి వల్ల దెబ్బతిన్న ఓనర్ని. రెండు వైపులా చూశాను కాబట్టి రాస్తున్నాను.

లారీ స్పేర్ పార్టుల షాపు కౌంటర్లో పదకొండేళ్లు పనిచేశాను. చేరిన కొత్తలో క్లచ్ ప్లేటుకీ ప్రెషర్ ప్లేటుకీ తేడా తెలియదు. మానేసేనాటికి బేరింగు చేత్తో ఒకసారి తిప్పితే అది ఒరిజినలో డూప్లికేటో చెప్పేవాణ్ణి. ఆ విద్య ఓనరు గారి కొట్టులోనే అబ్బింది, కాదనను. అయినా అది నా చేతికి పట్టిన పని. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర వదిలేసి పొమ్మంటే ఎలా? సొంతంగా పెట్టుకుందామనుకున్నప్పుడు ఆయనకి ముందుగానే చెప్పాను. చెప్పే ముందు వారం రోజులు ఒకటే టెన్షన్. విన్నాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "దీపావళి దాకా ఉండి, కొత్తవాడికి సరుకంతా చూపించి వెళ్లు" అన్నారు. ఉన్నాను. నా కొట్టు తెరిచిన రోజు కొబ్బరికాయ ఆయన చేతే కొట్టించాను.

ఇక నా కొట్టు సంగతి. మా వ్యాపారంలో అట్టపెట్టెల మీద పెన్సిల్‌తో రెండు మూడు అక్షరాలు రాసి ఉంటాయి. అది మాకు పడిన ధర. పది వేర్వేరు అక్షరాలున్న మాటొకటి అనుకుని, ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె పెట్టుకుంటాం. బేరానికి వచ్చినవాళ్లకి అర్థం కాదు, కౌంటర్లో ఉన్నవాడికి తెలియక తప్పదు. ఆ మాట ఒకరికి చెప్పామంటే బీరువా తాళాలు ఇచ్చినట్టే. ఆరేళ్లు నమ్మకంగా ఉన్న కుర్రాడికి నేనే చెప్పాను.

ఒకరోజు ఇబ్రహీంపట్నం నుంచి ఓ లారీ ఓనరు ఫోన్ చేసి, "మీవాడు మొన్న ఇచ్చిన రేటుకే ఇంకో రెండు సెట్లు పంపండి" అన్నారు. నాకు పడిన ధర మీద నలభై రూపాయలు మాత్రమే ఎక్కువ! ఆ రేటుకి నేనెప్పుడూ అమ్మలేదు. బిల్లు ఫొటో తీసి పంపమన్నాను. దాని మీద వేరే కొట్టు పేరు, కుర్రాడి బావమరిది పేరున జీఎస్టీ నంబరు ఉన్నాయి. నాలుగు నెలలుగా నా కౌంటర్లో నిలబడి, నా ఫోనెత్తి "స్టాకు లేదండీ" అని, సాయంత్రం తన ఫోన్లో అదే సరుకు అమ్ముతున్నాడు. ఆ నాలుగు నెలలూ ఒకటో తారీకున నా చేత్తోనే జీతం తీసుకున్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

చట్టం కూడా ఇక్కడే గీత గీసింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మనిషిని న్యాయమైన వ్యాపారం చేసుకోకుండా కట్టేసే ఒప్పందం చెల్లదు. ఒప్పంద కాలం ముగిశాక కూడా కట్టడి చేసే షరతు చెల్లదని క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం మాత్రం పోటీ సంస్థకి పనిచేయనన్న షరతు చెల్లుతుందని 1967లోనే తేల్చింది. యజమాని దగ్గరి కస్టమర్ల జాబితా కాపీ కొట్టి సొంత వ్యాపారానికి వాడుకున్న ఒకాయన్ని 1995లో ఢిల్లీ హైకోర్టు అడ్డుకుంది.

2022లో పోటీ కంపెనీలకి కూడా పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసినప్పుడు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా అల్లుడు గారు "ఆఫీసు టైము అయ్యాక నా టైము నాది" అని వాదించారు. సగం ఒప్పుకుంటాను. సాయంత్రం ట్యూషన్ చెప్పుకున్నా, ఆదివారం అద్దెకి షాపు వెతుక్కున్నా, లైసెన్సు కాగితాలు సిద్ధం చేసుకున్నా తప్పు లేదు. జీతమిచ్చే చోటికి వచ్చిన బేరాన్ని మళ్లించుకోవడం దగ్గర మాత్రం ఒప్పుకోలేను.

అయితే మా ఓనర్ల తప్పు అంతకంటే పాతది. చేరేటప్పుడే "మానేశాక మూడేళ్ల దాకా ఈ వ్యాపారం చేయను" అని స్టాంపు పేపరు మీద సంతకం పెట్టించుకుంటాం. టెన్త్ సర్టిఫికెట్ తీసుకుని బీరువాలో పెడతాం. మానేస్తానని చెప్పినవాణ్ణి ఆ పూటే పంపించేసి, రావలసిన జీతానికి నెలల తరబడి తిప్పుకుంటాం. వాడు కొట్టు పెడితే డీలర్లకి ఫోన్ చేసి "వాడికి సరుకివ్వకండి" అని చెప్పేవాళ్లూ మాలో ఉన్నారు. ఇవన్నీ కళ్లారా చూసిన కుర్రాడు ముందే వచ్చి నిజం చెబుతాడా? ఇన్ఫోసిస్‌ను 1981లో మొదలుపెట్టిన ఏడుగురూ పట్నీ కంప్యూటర్స్‌లో పనిచేసి వచ్చినవాళ్లే. 2007లో ఫ్లిప్‌కార్ట్ పెట్టిన ఇద్దరు బన్సల్‌లూ అంతకుముందు అమెజాన్ ఉద్యోగులు. వాళ్లనీ ఇలాగే కట్టేసి ఉంటే మన పిల్లలకి ఎన్ని ఉద్యోగాలు లేకుండా పోయేవి?

ఇప్పుడు నా కొట్లో ఇద్దరు కుర్రాళ్లున్నారు. సొంతంగా పెట్టుకోవాలనుకుంటే రెండు నెలల ముందు చెప్పమన్నాను. ఆ రెండు నెలల జీతానికి ఢోకా ఉండదనీ, డీలర్లతో నేనే మాట్లాడి పెడతాననీ మాటిచ్చాను. వాళ్ల సర్టిఫికెట్లు వాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి. తోటి వ్యాపారులు కూడా బీరువాల్లో ఉన్న సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చేయాలనీ, మానేసినవాళ్ల లెక్క అదే వారంలో తేల్చాలనీ, వ్యాపార సంఘాలు దీన్ని మీటింగుల్లో తీర్మానంగా పెట్టాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక స్పేర్ పార్టుల వ్యాపారి,
ఆటోనగర్, విజయవాడ