అమ్మే ముందు అద్దెకున్నవాణ్ణి ఒక్కమాట అడగమనండి

సంపాదకులకు నమస్కారం.

అద్దెకున్నవాళ్లకు ఆ ఇల్లు కొనుక్కునే హక్కు ఇవ్వాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా రెండే మాటలు వినబడతాయి. అద్దెకున్నవాళ్లేమో ‘ఇన్నేళ్లు కట్టిన అద్దెతో ఇల్లే వచ్చేది’ అంటారు. ఓనర్లేమో ‘తలదాచుకోమని ఇస్తే ఇల్లే రాసిమ్మంటారా’ అని కస్సుమంటారు. నేను సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట బల్ల వేసుకుని సేల్ డీడ్లు, గిఫ్ట్ డీడ్లు, అద్దె అగ్రిమెంట్లు రాసి బతికినవాణ్ణి. ఉండటం మాత్రం ఎప్పుడూ అద్దె ఇంట్లోనే. రెండు పక్కలా కాస్త తెలుసు కాబట్టి ఈ ఉత్తరం. ఓనరు చేత బలవంతంగా అమ్మించే హక్కు నేను అడగడం లేదు. అమ్ముదామని ఆయనే అనుకున్న రోజున, బయటివాళ్ల కంటే ముందు లోపలున్నవాణ్ణి అడగాలి. బయటివాడికి చెప్పే ధరకే, అవే షరతులకే.

మేము వారాసిగూడలో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో, రెండో అంతస్తులో ఉండేవాళ్లం. మా చిన్నవాడు బడికి పోయే రోజుల్లో దిగితే, వాడికి ఉద్యోగం వచ్చేదాకా అక్కడే ఉన్నాం. ఒక ఆదివారం పొద్దున బ్రోకరు ఒక జంటను వెంటబెట్టుకుని వచ్చాడు. ‘ఓనర్‌గారు చూపించమన్నారు సార్, ఐదే ఐదు నిమిషాలు’ అంటూ చెప్పులతోనే వంటింట్లోకి నడిచాడు. మా ఆవిడ పోపు వేస్తోంది. ఆమె పక్కనుంచే చెయ్యి చాపి సింకు మీద నల్లా తిప్పి, ‘ప్రెషర్ చూడండి మేడమ్, మంజీరా’ అన్నాడు. పడగ్గది గోడకున్న చెమ్మ మరక మా బీరువా వెనక ఉండిపోయింది కాబట్టి వాళ్లకు కనబడలేదు. ఆ చెమ్మ పై ఫ్లాటు బాత్రూములోంచి దిగుతుందనీ, వానాకాలంలో కిటికీ దాకా పాకుతుందనీ మాకు తెలుసు. బోరు ఏ నెలలో ఎండుతుందో, సంపు మూత ఎక్కడ పగిలిందో తెలుసు. అన్నీ తెలిసి కూడా కొనడానికి సిద్ధపడేవాళ్లం మేమే.

సాయంత్రం ఓనరుగారికి ఫోన్ చేశాను. మంచి మనిషే, అద్దె విషయంలో ఎప్పుడూ పేచీ పెట్టలేదు. ‘మీరు కొంటారని నాకు తట్టనే లేదండీ’ అన్నారు. అది అబద్ధం కాదు, నిజంగానే తట్టలేదు. 45 లక్షలకు బేరం కుదిరిందట, టోకెన్ కూడా ముట్టిందట. కొన్నాయన ఆ ఫ్లాట్‌లో దిగలేదు. మేము ఖాళీ చేశాక సున్నం వేయించి టులెట్ బోర్డు కట్టాడు. అద్దె మేం కట్టినదాని కంటే నాలుగు వేలు ఎక్కువ.

45 లక్షలు మీ దగ్గర ఎక్కడివయ్యా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు హోమ్‌లోన్ అయితే ఇంటి విలువలో 80 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. అంటే 36 లక్షలు బ్యాంకు ఇస్తుంది, 9 లక్షలు మనం పెట్టుకోవాలి. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చులు 2021 జులైలో 7.5 శాతానికి పెరిగాయి, అది ఇంకో 3 లక్షల 37 వేల 500. వడ్డీ 8.5 శాతం అనుకుంటే 20 ఏళ్ల పాటు నెలకు 31 వేల పైచిలుకు ఈఎంఐ. మేం కడుతున్న అద్దె 13 వేలు. తేడా చిన్నదేం కాదు. అయినా ఇద్దరు కొడుకులూ సంపాదిస్తున్నారు, నడుస్తున్న చిట్టీ పాడుకోవచ్చు, మా ఆవిడ గాజులున్నాయి. రెండు నెలలు టైమిస్తే కిందామీదా పడి లాగేవాళ్లం. బ్యాంకు లాయరు ఒపీనియన్‌కీ, వాల్యుయేషన్‌కీ వారాలు పడుతుంది. మూడు రోజుల్లో టోకెన్ చేతిలో పెట్టేవాడితో జీతగాళ్లు ఏం పోటీ పడతారు? అలా డబ్బు సిద్ధంగా పెట్టుకుని తిరిగేది చాలాసార్లు అప్పటికే రెండు మూడు ఫ్లాట్లు ఉన్నవాళ్లే. నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్లలో చూసిన సంగతి ఇది.

మా వృత్తిలోని విశేషం ఇంకొకటి చెప్తాను. ఏ ఫ్లాటుకైనా ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయించండి. ఎవరు ఎవరికి అమ్మారు, ఎప్పుడు తనఖా పెట్టారు, ఎప్పుడు విడిపించారు, ఏ కూతురికి గిఫ్ట్ రాశారు, అన్నీ వరసగా వస్తాయి. లోపల కాపురం ఉంటున్న మనిషి మాత్రం అందులో ఉండడు. 11 నెలల అగ్రిమెంటు స్టాంపు కాగితం మీద రాయించి బీరువాలో పెట్టుకుంటారే తప్ప రిజిస్టరు చేయించేవాళ్లు అరుదు. ఇక సేల్ డీడ్‌లో మేమందరం రాసే వాక్యం ఒకటుంది: ‘సదరు ఫ్లాటును నేటి దినమున ఖాళీ స్వాధీనముతో మీకు అప్పగించినాము.’ ఆ కాగితం మీద వేలిముద్రలు పడుతున్న సమయానికి సదరు ఫ్లాట్‌లో ఎవరిదో కుక్కరు మూడో విజిల్ వేస్తూ ఉంటుంది. కాగితం ప్రకారం ఆ ఇల్లు ఖాళీ!

చట్టం కాపాడదా అంటారేమో. మనకు 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది. 2005లో చేసిన సవరణతో కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించకుండా పోయింది. హైదరాబాద్‌లో 3,500కి ఇప్పుడు బ్యాచిలర్ కుర్రాడికి రూములో ఒక మంచం దొరికితే గొప్ప. అంటే దాదాపు ఊరంతా ఆ చట్టానికి బయటే ఉంది. మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అగ్రిమెంట్‌లో వేరే మాట లేకపోతే నెలవారీ అద్దెదారుకు 15 రోజుల నోటీసు చాలంటుంది అది. కేంద్రం 2021లో తెచ్చిన మాదిరి అద్దె చట్టం అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని చెప్పింది, సంతోషం. అమ్మకం వేళ అద్దెదారుణ్ణి అడగాలన్న ఊసు అందులోనూ లేదు.

పోనీ, ఇదేమైనా మన గడ్డ మీద ఎన్నడూ లేని కోరికా? కానే కాదు. 1950 నాటి హైదరాబాద్ కౌలు, వ్యవసాయ భూముల చట్టం ఉంది కదా. అందులో 38-డి సెక్షన్ తీసి చూడండి. రక్షిత కౌలుదారు సాగులో ఉన్న భూమిని పట్టాదారు అమ్మదలిస్తే, ముందుగా ఆ కౌలుదారుకు రాతపూర్వకంగా నోటీసిచ్చి, కొంటావా అని అడగాలి. దాని పక్కనే ఉన్న 38-ఇ అయితే ఇంకో అడుగు ముందుకేసి కౌలుదారుణ్ణే యజమానిని చేసింది. ఈ రోజుకీ రంగారెడ్డి జిల్లాలో భూమి కొనేటప్పుడు ‘38-ఇ గొడవ ఏమైనా ఉందా’ అని అడగకుండా లాయర్లు ఫైలు ముట్టుకోరు. కోట్లు పలికే వెంచర్లు కౌలుదారుకు ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఒక్క సర్టిఫికెట్ దగ్గర ఆగిపోవడం మా ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లందరికీ తెలిసిందే. దున్నేవాడికి 1950ల్లో ఇచ్చిన మర్యాద, వండుకు తినేవాడికి ఇప్పటికైనా ఇవ్వొచ్చు కదా అంటున్నాను. ఇళ్ల విషయంలోనూ ఇలాంటిది పూర్తిగా కొత్త కాదు. తండ్రి ఆస్తిలో ఒక వారసుడు తన వాటా అమ్ముకోబోతే మిగతా వారసులకు మొదట కొనే హక్కు హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్‌లో ఉంది. అన్నదమ్ముల మధ్య నడిచే పద్ధతికి ఓనరు, అద్దెదారు మధ్య వచ్చేసరికి కాళ్లు విరిగిపోవు.

ఇక్కడే ఇంకో మాట. 2014 డిసెంబరులో జీవో 58, 59 వచ్చాయి. ప్రభుత్వ స్థలంలో ఇల్లు వేసుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా, అంతకు మించితే డబ్బు కట్టించుకుని పట్టాలిచ్చారు. వాళ్లకు వచ్చినందుకు నాకేం కుళ్లు లేదు, ఆ దరఖాస్తులు నేనూ రాసిపెట్టాను. కానీ ఎవరినీ అడక్కుండా కూర్చున్నవాడికి దొరికిన దారి, ఒకటో తారీఖు తప్పకుండా అద్దె కట్టినవాడికి ఎందుకు లేదో ఎవరైనా చెప్పాలి.

బయటి దేశాల సంగతి కొస్తే, ఫ్రాన్స్‌లో 1989 చట్టం నాకు బాగా నచ్చింది. అమ్మకం కోసం ఖాళీ చేయమంటే ఆ నోటీసులోనే ధర, షరతులు రాయాలి. మొదటి రెండు నెలలూ ఆ ఇల్లు అద్దెదారుకే ఇవ్వజూపినట్టు లెక్క. ఆ తర్వాత ఓనరు అంతకంటే తక్కువకు వేరేవాళ్లకు అమ్మబోతే, ఆ తగ్గించిన ధరకు మళ్లీ అద్దెదారునే అడగాలి. ఈ రెండో మెలిక లేకపోతే మొదటిది దండగ. మనవాళ్లు అద్దెదారుకు 70 లక్షలు చెప్పి, వాడు దండం పెట్టాక బయటివాడికి 45కి ఇచ్చేస్తారు.

బ్రిటన్ పేరు చాలామంది ఎత్తుతారు గానీ అది వేరే కథ. అక్కడ 1980లో థాచర్ ప్రభుత్వం తగ్గింపు ధరకు అమ్మింది కౌన్సిల్ ఇళ్లను, అంటే సర్కారు సొంత ఇళ్లను. అద్దెకిచ్చే ఇళ్లు తరిగిపోతున్నాయని స్కాట్లండ్ 2016లో, వేల్స్ 2019లో ఆ పథకాన్ని ఆపేశాయి. 2019లో లేబర్ పార్టీ నాయకుల్లో ఒకరైన జాన్ మెక్‌డొనెల్ ప్రైవేటు అద్దెదారులకూ అలాంటి హక్కు ఇద్దామన్నారు, అది చట్టం కాలేదు. సర్కారు తన ఆస్తిని తగ్గించి అమ్ముకుంటే దాని ఇష్టం. రిటైరైన టీచరమ్మ పైసా పైసా కూడబెట్టి కట్టుకున్న ఇంటి మీద డిస్కౌంట్ ఎవరివ్వాలి? చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఆమె ఆస్తిని లాక్కోకూడదని రాజ్యాంగం 300-ఎ అధికరణ చెబుతోంది. దానితో నాకు పేచీ లేదు.

ఓనర్ల భయాల్లో ఒకటి మాత్రం కొట్టిపారేయలేనిది. అద్దెదారు కొననూ కొనడు, సంతకమూ పెట్టడు, లక్షో రెండో ఇస్తేనే కదులుతానంటాడు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1980 నుంచి అద్దెదారులకు మొదట కొనే అవకాశం ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుని డబ్బు గుంజుతున్నారన్న ఫిర్యాదులు వచ్చి 2018లో విడి ఇళ్లను చాలావరకు తప్పించారు. మన హైదరాబాదీలు ఆ విద్యలో ఎవరికీ తీసిపోరు. అందుకే అద్దెదారు సంతకం మీద ఏదీ ఆధారపడకూడదు. ఓనరు ధర, షరతులు రాసి స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. 60 రోజులు గడిచినా అవతలి నుంచి అడ్వాన్సుతో కూడిన జవాబు రాకపోతే ఆయన దారి ఆయనది. సబ్ రిజిస్ట్రారుకు పోస్టాఫీసు రసీదు, నోటీసు కాపీ చూపిస్తే చాలు. సొంత పిల్లలకు గిఫ్ట్ రాసినా, తానుంటున్న ఇంట్లో ఒక పోర్షన్ అద్దెకిచ్చి మొత్తం ఇల్లు అమ్ముకుంటున్నా ఈ నిబంధన పెట్టక్కర్లేదు. మూడేళ్లు నిండిన అద్దెదారులకే వర్తింపజేయండి. మూడేళ్లు నిండకుండా గెంటేస్తారంటారా, గెంటేవాళ్లు ఇప్పుడూ గెంటుతున్నారు. అమ్మకానికి ముందు ఆరు నెలల్లో ఓనరే ఖాళీ చేయించిన పాత అద్దెదారుకూ నోటీసు పంపాలంటే ఆ ఎత్తు కొంత చెడుతుంది.

దీనివల్ల అద్దెకున్నవాళ్లందరూ ఇంటివాళ్లయిపోతారని నేను అనను. పైన చెప్పిన ఈఎంఐ లెక్క చూస్తే చాలామంది నోటీసు చదివి మడిచి పెట్టేస్తారు. కొందరైనా కొనుక్కుంటారు. మిగతావాళ్లకు కనీసం తమ వంటింట్లో నల్లా తిప్పేవాడు ఎవరో రెండు నెలల ముందు తెలుస్తుంది, పిల్లల పరీక్షలు చూసుకుని ఇల్లు వెతుక్కుంటారు.

రిజిస్ట్రేషన్ల శాఖ రోజూ అడిగే కాగితాల్లో ఇది ఒకటి ఎక్కువ, అంతే. ఆ నోటీసు ముసాయిదా ఒక పేజీ దాటదు. వాళ్లు అడిగితే నేనే రాసిస్తాను, రాతకూలి అక్కర్లేదు.

– ఒక విశ్రాంత దస్తావేజు లేఖరి,
సికింద్రాబాద్