ఎర్రగచ్చు లెక్క మంచులో పనికిరాదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఇల్లు-వాకిలి పేజీలో అమెరికా ఇళ్ల ముందు వేసే రంగుల కాంక్రీటు గురించి చదివాను. ఫొటోలు బాగున్నాయి. మా పాలకొల్లు వైపు ఇంటికొకరు అక్కడే ఉన్నారు కనక, ఆ పేజీ ఎంతోమంది పిల్లల ఫోన్లకి ఈపాటికి చేరే ఉంటుంది. కానీ అందులో ఏ రంగు ఏ గోడకి నప్పుతుందో ఉంది గానీ, మంచు గురించి ఒక్క ముక్క లేదండి. అదే తప్పు నేనూ చేశాను కాబట్టి రాస్తున్నాను.

38 ఏళ్లు తాపీ పని చేశాను. ఎర్రగచ్చులో నాకు కాస్త పేరుండేది. అడుగు గచ్చు పచ్చిగా ఉండగానే సిమెంటులో రెడాక్సైడ్ అనే ఎర్ర రంగుపొడి కలిపి పూసి, ఇనుప తాపీతో మొహం కనబడేదాకా రుద్దేవాణ్ని. ఆరాక ఆడవాళ్లు కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవారు. అలా వేసిన అరుగుల మీద ఇవాళ్టికీ మధ్యాహ్నాలు కునుకు తీస్తున్నారు.

రెండేళ్ల కిందట నేనూ మా ఆవిడా అమెరికాలో, మంచు బాగా పడే మిన్నెసోటాలో మా అమ్మాయి దగ్గర ఉండగా, వాళ్లు కారు షెడ్డు ముందు డ్రైవ్‌వే, పెరట్లో కూర్చోడానికి చప్టా పోయిద్దామనుకున్నారు. అల్లుడు "మీరే చెప్పండి మావయ్యగారూ" అన్నాడు. ఇంకేముంది, మామూలు కాంక్రీటు పోసి, పైన రంగుపొడి చల్లి, తాపీతో నున్నగా రుద్దమన్నాను. ఖర్చు తక్కువ, మెరుపు ఎక్కువ. అక్కడి మేస్త్రి కుదరదన్నాడు. ఒళ్లొంగక అనుకున్నాను.

మర్నాడు ఆయన నన్ను పక్కవీధిలో ఒక ఇంటికి తీసుకెళ్లాడు. ఎర్రటి బాట. కారు ఆగే చోట రూపాయి బిళ్లంత కొన్ని, అరచెయ్యంత కొన్ని పెచ్చులు లేచిపోయి, కింద బూడిదరంగు కాంక్రీటు తేలింది. వంగి గోటితో గీకితే ఇంకోటి పూతరేకు విరిగినట్టు చేతిలోకి వచ్చేసింది.

ఆయన చెప్పింది అల్లుడు తెలుగులో చెప్పాడు. నీరు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతుందట. కాంక్రీటు పీల్చిన తడి రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్లీ గడ్డకట్టి పైపొరని లోపల్నుంచి తోసేస్తుంది. అందుకని కలిపేటప్పుడే ఒక మందు వేసి కంటికానని గాలిబుడగలు పుట్టిస్తారు. మొత్తంలో 6 శాతం వరకూ గాలే! ఉబ్బే నీటికి అది చోటు. కాంక్రీటులో గాలి మిగలకూడదని జీవితమంతా కూలీల్ని తిట్టి వైబ్రేటర్ పెట్టించినవాణ్ని, నాకు ఆ మాట మింగుడుపడటానికి రెండ్రోజులు పట్టింది. నాలాగా ఇనుప తాపీతో రుద్దితే పైపొరలో ఆ బుడగలు చచ్చిపోతాయి. పైగా గాలి కలిపిన కాంక్రీటులో నీరు పైకి తేలడం తక్కువ, చల్లిన పొడి సరిగా తడవక విడిగా నిలిచిపోతుంది.

దీనికి తోడు ఉప్పు. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు కారు కింద అంటుకొచ్చి ఇంటి ముందు కారుతుంది. పెచ్చులు లేచేది ఎక్కువ అక్కడే. బూడిదరంగు బాటకి అతుకేస్తే సరిపోతుంది, రంగు బాటకి అదే రంగు మళ్లీ కలవదు.

చివరికి డ్రైవ్‌వే బూడిదరంగులోనే వదిలేశారు. చప్టాకి మాత్రం రంగు కాంక్రీటంతటా కలిపారు, లేత ఊక రంగు. అది మన ఎర్రగచ్చు ఐరన్ ఆక్సైడ్ జాతిదే, సిమెంటు బరువులో 10 శాతం దాటకూడదు. నీళ్లు సిమెంటు బరువులో 0.45 వంతుకి మించలేదు. అంటే 50 కేజీల బస్తాకి 22 లీటర్ల చిల్లర. మన దగ్గర జారుగా ఉండాలని బకెట్లకి బకెట్లు కుమ్మరిస్తాం. అక్కడ కలిపిన కాంక్రీటు తెచ్చే లారీల్లో ఒకదానికి నీళ్లు ఎక్కువైతే ఆ మేర రంగే తేలిపోతుంది. పైన నునుపు లేదు, చీపురు గీతలే. మెరిసే పూత వేస్తే మంచులో జారుడుబండేనని, లోపలికి ఇంకే పూత వేశారు. మొదటి చలికాలం ఉప్పు వాడొద్దు, ఇసక చల్లుకోండన్నాడు.

మన డెల్టాలో మంచు లేదు, మన గచ్చులు పాడవడానికి పూడ్చిన చెరువులూ, పాచీ, చవుడూ చాలు. ముదురు రంగు వేస్తే మొదటి వానాకాలానికే తెల్లగా సున్నం తేలుతుంది. ఆ సంగతీ మీరు రాయలేదు.

వెళ్లొచ్చేముందు ఆ మేస్త్రి అడుగు చదరం పలకలు రెండు పోశాడు. ఒకటి తన పద్ధతి, ఇంకోటి నా పద్ధతి. రెండూ పెరట్లో పెట్టి, చలికాలమంతా ఉప్పు చల్లమని అమ్మాయికి చెప్పొచ్చాను. ఏప్రిల్లో ఫొటో పంపింది. ఆయన పలక ఒక మూల కాస్త గరుకు తేలింది. నాది సగం ఎరుపు, సగం బూడిద. వ్యాసం రాసినవారికి కావాలంటే ఆ ఫొటో పంపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తాపీ మేస్త్రి,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.