ఫోన్లో ఆటలన్నీ పేకాట కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆన్‌లైన్ ఆటల గురించి మీ పత్రికలో ఈ మధ్య ఏ వార్త వచ్చినా అది పేకాట గురించో, బెట్టింగ్ గురించో, వాటి వల్ల పెరిగిన అప్పుల గురించో ఉంటోంది. రాయొద్దని అనడం లేదు, ఇంకా రాయాలి. ఆ బాధ మా ఇల్లూ పడింది. మా ఆడపడుచు కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ ఫోన్లో రమ్మీకి అలవాటు పడ్డాడు. ముందు జీతం పోయింది, తర్వాత లోన్ యాప్‌లు పట్టుకున్నాడు, ఆఖరికి వాళ్ళమ్మ మెడలో గొలుసు తాకట్టుకు వెళ్ళింది. ఆ రోజు మా మామయ్యగారు అందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఇకమీదట ఈ ఇంట్లో ఫోన్లో ఆట అనే మాట వినపడకూడదన్నారు. మేమెవరం ఎదురు చెప్పలేదు, చెప్పాలని కూడా అనిపించలేదు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణలో 2017లో, మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. చాలా మంచి పని. కానీ ఈ లోపల ఇంకో నష్టం జరిగిపోయింది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. మా ఇళ్ళల్లో ఇప్పుడు ఆట అన్న మాట వింటేనే టెన్షన్. మొన్న వేసవి సెలవులకి మా చెల్లెలి కూతురు హైదరాబాద్ నుంచి బాపట్ల వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. మూల కూర్చుని ఫోన్లో ఏదో చేస్తుంటే ఏంటే అది అని అడిగాను. 'ఆడుకుంటున్నా పెద్దమ్మా' అంది. గుండె ఝల్లుమంది, గబుక్కున ఫోను లాక్కున్నాను.

తీరా చూస్తే మధ్యలో ఒక చుక్క ఉంది, అంతే. ఆ చుక్క చుట్టూ వేలితో సున్నా చుట్టాలి. ఎంత గుండ్రంగా వచ్చిందో శాతంలో చెబుతుంది. నెమ్మదిగా గీస్తే ఒప్పుకోదు, ఒక్క ఊపులో తిప్పాలి. ముప్ఫై ఏళ్ళుగా తెల్లారి లేచి వాకిట్లో ముగ్గు వేసే చెయ్యి ఊరుకుంటుందా, నేనూ ఒకటి చుట్టాను. తొంభై దాటింది. అప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి! మళ్ళీ తను, మళ్ళీ నేను, మా ఆయన వచ్చి ఒకటి, పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాడు వచ్చి ఒకటి. అరగంటకి పిల్లే ఫోను పక్కన పెట్టేసి మంచినీళ్ళు తాగడానికి వెళ్ళింది. ఎవరి డబ్బూ పోలేదు, ఎవరి ఫోన్ నంబరూ అడగలేదు, ఓటీపీ రాలేదు, పేజీ మూసేశాక 'మీ కోసం ఎదురుచూస్తున్నాం' అని ఒక్క మెసేజీ కూడా రాలేదు.

ఇలాంటివి చేసి పెట్టేది అమెరికాలో నీల్ అగర్వాల్ అనే యువకుడు, సైటు పేరు నీల్ డాట్ ఫన్. పక్కన ప్రకటనలు కనబడతాయి గానీ డబ్బు కడితేనే ముందుకు వెళ్ళే ఆటలు కావు. వాటిలో ఒకటి 2024లో వచ్చిన ఇన్ఫినిట్ క్రాఫ్ట్. నీళ్ళు, నిప్పు, గాలి, మట్టి ఇస్తుంది. ఒకదాని మీద ఒకటి పెడితే ఇంకోటి పుడుతుంది. నీళ్ళ మీద నిప్పు పెడితే ఆవిరి, మట్టి మీద నిప్పు పెడితే లావా, మట్టికి నీళ్ళు తగిలితే మొక్క, మట్టికి గాలి తగిలితే దుమ్ము, ఇక అక్కణ్ణుంచి ఎటు పోతామో మన ఇష్టం. అన్ని జోడింపులూ ఎవరో కూర్చుని ముందే రాసిపెట్టినవి కావు, కొత్తగా రెండు కలిపితే ఏమవుతుందో వెనకాల ఉన్న ఏఐ చెబుతుంది. ఇంతవరకూ లోకంలో ఎవరికీ రానిది మనకి వస్తే, మొదట కనుక్కున్నది మీరే అని పక్కన రాస్తుంది కూడా. గెలుపు లేదు, ఓటమి లేదు, ఎదుటివాడు లేడు.

పిల్ల ఆ నాలుగు పేర్లూ చదువుతుంటే మంచం మీద నుంచి మా అత్తయ్యగారు విని 'నాలుగేనా, ఆకాశం ఏదే?' అన్నారు. పిల్లకి అర్థం కాలేదు. అప్పుడు పంచభూతాలంటే ఏవేవో ఆవిడే వేళ్ళు ముడిచి లెక్కపెట్టి చెప్పారు. 'ఉండు మామ్మా, ఆకాశం మనమే చేద్దాం' అని పిల్ల వెళ్ళి పక్కన కూర్చుంది. అత్తయ్యగారికి ఇంగ్లీషు రాదు. పిల్ల చదివి తెలుగులో చెబుతుంటే, దేని మీద దేన్ని పెట్టాలో ఆవిడ చెబుతూ ఉన్నారు. మబ్బు చేశారు, వాన చేశారు, కొండ చేశారు, ఎన్ని చేసినా ఆకాశం రాదే! దీపాలు పెట్టే వేళకి దొరికింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి చప్పట్లు కొట్టారు. భజనలో తప్ప ఆవిడ చప్పట్లు కొట్టడం నేను ఎప్పుడూ చూడలేదు.

మామయ్యగారి సంగతి వేరు. ఆయనకి మేం ఆట చూపించలేదు, ధైర్యం చాల్లేదు. అదే సైట్లో సముద్రం పేజీ ఒకటుంది, అది తెరిచి చేతికిచ్చింది పిల్ల. బొటనవేలితో పైకి తోస్తూ పోవడమే, మనం సముద్రంలోకి దిగుతూ పోతాం. పక్కనే లోతు మీటర్లలో కనబడుతూ ఉంటుంది, ఏ లోతున ఏ ప్రాణి తిరుగుతుందో దాని బొమ్మ కనబడుతుంది. సూర్యలంక ఒడ్డున గుడ్లు పెట్టే తాబేళ్ళని చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి, ఓ రకం సముద్రపు తాబేలు వెయ్యి మీటర్లు దాటి దిగుతుందని చూసి ఆగిపోయారు. వెలుతురు అయిపోయింది, పేజీ నల్లబడింది, 3,800 మీటర్ల దగ్గర టైటానిక్ వచ్చింది. 'ఇంకా ఉందా?' అన్నారు. ఉంది. ఎవరెస్టును తెచ్చి నిలబెట్టినా మునిగిపోయేంత లోతు, దాదాపు 11 కిలోమీటర్లు. 1960లో జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ అనే ఇద్దరు అక్కడికి దిగారని పిల్ల చదివి చెప్పింది. ఇదే సంగతి పుస్తకంలో ఒక అంకెగా చదివితే ఒక్క క్షణంలో దాటిపోతాం. వేలు నొప్పి పుట్టేదాకా తోస్తే గానీ ఆ లోతు ఒంటికి తెలియదు.

ఆయన ఫోను తిరిగిస్తూ 'ఇది ఆట కాదమ్మా, పాఠం' అన్నారు. ఇంట్లో నిషేధం అలాగే ఉంది, దీన్ని మాత్రం అందులోంచి తీసేశారు. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, నేను ఒప్పుకోను. అది ఆటే. మన పెద్దవాళ్ళందరం ఇదే చేస్తున్నాం, పిల్లలు చేసేది నచ్చితే దానికి చదువు అని పేరు పెట్టి లోపలికి రానిస్తాం, లేకపోతే బయట నిలబెడతాం. చిన్నప్పుడు ముంజలు తిన్నాక ఆ కాయలు రెండిటికీ పుల్ల గుచ్చి, పంగల కర్రతో బండి తోసుకుంటూ ఊరంతా తిరిగాం. దానివల్ల ఏం నేర్చుకున్నావని ఎవరైనా అడిగారా? వానకి కాగితం పడవ వదిలితే అది మోరీ దాటి కనబడకుండా పోయేదాకా వెంట పరిగెత్తాం. వేలు పెడితే కదిలింది, ఊదితే తిరిగింది, అదొక్కటే సంతోషం. ఈ ఫోన్ బొమ్మల్లో ఉన్నదీ సరిగ్గా అదే. పిల్లలకి ఆ మాత్రం సంతోషానికి కూడా సంజాయిషీ చెప్పాల్సిన అవసరం ఉండకూడదు అని నా గట్టి నమ్మకం.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2016లో గూగుల్ వాళ్ళు పెట్టిన క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లో గళ్ళ మీద వేలు పెడితే రంగు పడుతుంది, మీట నొక్కితే ఆ రంగులన్నీ స్వరాలై మోగుతాయి. మామూలుగా అందులో ఉండేది పాశ్చాత్య సంగీతంలోని మేజర్ స్కేలు, అంటే మన శంకరాభరణం స్వరాలే. మెట్లు మెట్లుగా గళ్ళు నింపి సరిగమపదనిస వినిపించేసరికి పిల్ల ఎగిరి గంతేసింది. 2017లో వాళ్ళే చేసిన క్రికెట్ ఆట ఒకటుంది, కీచురాళ్ళు బ్యాటింగ్ చేస్తాయి, నత్తలు ఫీల్డింగ్ చేస్తాయి, చిన్న ఫోన్లో కూడా చక్కగా నడుస్తుంది. క్విక్ డ్రా అని ఇంకోటి, 20 సెకన్లలో బొమ్మ గీస్తే అదేమిటో కంప్యూటరు ఊహించి చెబుతుంది. సరదాగానే ఉంటుంది, కాకపోతే జనం గీసిన 5 కోట్ల బొమ్మల్ని వాళ్ళు భద్రపరిచి అందరికీ అందుబాటులో పెట్టారు. మన గీతలు అలా దాచుకుంటారన్న సంగతి తెలిసి ఆడితే మంచిది, పిల్లలకీ చెప్పాలి.

ఒక్క సంగతి బాధగా ఉంటుంది. ఇవి నిలవవు. మా అబ్బాయి చిన్నప్పుడు నెట్ సెంటర్లో ఆడిన బొమ్మలన్నీ ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసినవి, 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ఆగిపోయింది, దాంతో పాటే అవీ చాలావరకు మూతపడ్డాయి. ఓపిక ఉన్నవాళ్ళు కొన్నిటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే పాత వెబ్ పేజీల భాండాగారంలో కాపాడారు.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇది. ఇవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మా అత్తయ్యగారి పక్కన చదివి చెప్పే పిల్ల లేకపోతే ఆ చప్పట్లు లేవు. మీ ఆదివారం పుస్తకంలో చుక్కలు కలపండి, తేడాలు కనుక్కోండి, పదకేళి ఏళ్ళ తరబడి వేస్తున్నారు, పెన్సిలు పట్టుకుని వాటి కోసం ఎదురుచూసే ఇళ్ళలో మాది ఒకటి. మీ వెబ్‌సైట్లో మాత్రం అలాంటిది ఒక్కటీ లేదు. అందులో ఓ మూల తెలుగులో ఒక చిన్న బొమ్మ పెట్టండి. 'క' ఇచ్చి, గుడి తెచ్చి దాని తల మీద పెడితే 'కి' అని పలకాలి, కొమ్ము తగిలిస్తే 'కు' అవ్వాలి, కింద ఒత్తు పెడితే 'క్క' అని గట్టిగా మోగాలి. అమెరికాలో పుట్టి ఆదివారం తెలుగు బడికి వెళ్ళే మా తోడికోడలి మనవలు దాన్ని వదలరు. లేదా పంచభూతాలు ఐదూ ఇచ్చి కలుపుకోమనండి. లేదా ముగ్గు పెట్టండి, ఒక పక్క గీత లాగితే మిగతా మూడు పక్కలా అదే గీత రావాలి. పులి మేక అయినా సరే. లాగిన్లు, కాయిన్లు, మొదటి పదిమందికి బహుమతులు మాత్రం వద్దు, అవి వచ్చిన రోజు మామయ్యగారి మాటే నా మాట.

ముగ్గు చేసేటట్టయితే చుక్కలు నేను రాసి పంపుతాను. నా దగ్గర రెండు నోటు పుస్తకాల నిండా ఉన్నాయి. మొదట 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చే వరకూ అన్నదానితో మొదలుపెడితే బాగుంటుంది, అది పిల్లలకీ సులువుగానే వస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బాపట్ల